అడగకముందే తెరిచిన బ్యాగు

బ్యాగు తెరవమని ఎవరూ అడగలేదు. గురువారం సాయంత్రం మాదాపూర్‌లో, బట్టలూ చెప్పులూ వాచీలూ అన్నీ ఒకేచోట దొరికే మూడంతస్తుల షాపులోంచి జ్యోత్స్న బయటికి వస్తుంటే తలుపు దగ్గరి యంత్రం కీచుమంది. ముందు నడుస్తున్న జంట ఒక్క క్షణం ఆగి, తమను కాదనుకుని వెళ్ళిపోయింది. జ్యోత్స్న మాత్రం తనంతట తానే పక్కనున్న టేబుల్ దగ్గరికి వెళ్ళింది. భుజానున్న బ్యాగు దాని మీద పెట్టి, మూడు జిప్పులూ లాగి, మూతి వెడల్పు చేసి గార్డు వైపు తిప్పింది.

ఇది ఇంట్లో నేర్పిన అలవాటు. తల్లి చంద్రమ్మ పదకొండేళ్ళుగా ఒక ఐటీ కంపెనీ భవనంలో లేడీ గార్డు. రోజుకు వందల బ్యాగులు చూసే మనిషి. కూతురు బడికి పోయే రోజుల నుంచీ ఒకటే పాఠం చెప్పేది. "గేటు కాడ అడిగించుకోవద్దు బిడ్డా. అడిగించుకునేటోళ్ళు దొంగలన్నా అయి ఉంటరు, పెద్ద సార్లన్నా అయి ఉంటరు. మనం రెండూ కాదు."

టేబుల్ దగ్గరున్న గార్డు చిన్నమ్మాయి. గుండీకి తగిలించిన బిళ్ళ మీద రేఖ అని ఉంది. ఆమె కలంతో బట్టలు పైకెత్తింది. సోమవారం వేసుకోవడానికి కొన్న రెండు కుర్తాలు, వాటి బిల్లు, నీళ్ళ సీసా, గొడుగు కనిపించాయి. గొడుగు కింద, జ్యోత్స్న పుట్టి బుద్ధెరిగాక చూడని నీలం డబ్బా ఒకటుంది. రేఖ మూత తీసింది. తెల్ల పట్టీ వాచీ.

"ఇది నాది కాదు," అంది జ్యోత్స్న. లోకంలో దొంగలందరూ చెప్పే మాట అదేనని అన్నాక తెలిసింది. సాక్ష్యానికి వెనక్కి తిరిగింది. రెండడుగుల వెనక, ఐస్‌క్రీమ్ తిందామే అని నస పెడుతూ వస్తున్న స్నేహితురాలు పింకీ లేదు. చెప్పుల వరసల మధ్యా లేదు, మెట్ల మీదా లేదు. తలుపు అవతల జనంలో పింకీ పసుపు చున్నీ ఒక్కసారి కనిపించి మాయమైంది.

ఆ తర్వాత మేనేజర్ నితీష్ గది, ప్లాస్టిక్ కుర్చీ, ఎవరెవరికో ఫోన్లు, చివరికి పోలీసు జీపు. స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్ ఓబులేసు అడిగిన మొదటి ప్రశ్న వయసు.

"ఇరవై నిండినయి సార్."

"అయితే తిట్టి పంపే వయసు దాటినవు," అన్నాడాయన, నిజంగానే బాధపడుతూ. గద్వాల వైపు మనిషి, బుర్రమీసాలు, మెత్తటి గొంతు. ఓటు హక్కు వచ్చింది, ఉద్యోగం వచ్చింది, ఇప్పుడు కేసు కూడా వచ్చింది. పెద్దదాన్నయ్యానని జ్యోత్స్నకు ఇన్నాళ్ళకు రుజువు దొరికినట్టయింది. ఏడుపు మాత్రం చిన్నపిల్లలాగే వచ్చింది.

చంద్రమ్మ డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది. నీలం చొక్కా, భుజాన తాడు, నెత్తిన టోపీ. ఆ వేషంలో ఆమె స్టేషన్ గడప తొక్కగానే కాపలా కానిస్టేబుల్ పొరపాటున సర్దుకుని నిలబడ్డాడు. మరో రోజైతే ఆ ముచ్చట నెల రోజులు చెప్పుకుని నవ్వేది.

అసలు ఆ వారమంతా ఆమె నవ్వుతూనే ఉంది. జ్యోత్స్నకు ఉద్యోగం వచ్చింది ఆ భవనంలోనే, ఆరో అంతస్తులో. సోమవారం చేరాలి. చంద్రమ్మ హౌస్‌కీపింగ్ వాళ్ళకూ, లిఫ్టు వాళ్ళకూ, ఇడ్లీ బండి ఆయనకూ అందరికీ చెప్పేసింది: సోమవారం నా గేటు కాడ నా బిడ్డ బ్యాగు నేనే చూస్త, మేడమ్ అని పిలుస్త. పుప్పాలగూడలోని తమ అద్దె గదిలో రిహార్సల్ కూడా నడిచింది. కూరగాయల సంచి జ్యోత్స్న భుజాన తగిలించి, గడప దగ్గర నిలబడి, కలంతో అందులోని బెండకాయలు కదిపి, "అయింది మేడమ్, ఎల్లుండ్రి," అని లోపలికి దారి ఇచ్చేది. తండ్రి మొగిలి, అపార్ట్‌మెంట్లకు నీళ్ళ ట్యాంకర్ నడిపే మనిషి, "నన్ను సుత సార్ అనరాదే," అని బతిమాలేవాడు. "నీకు ఐడీ కార్డు లేదు, జరుగు," అనేది చంద్రమ్మ.

ఇప్పుడామె ఓబులేసు బల్ల ముందు రెండు చేతులూ కట్టుకుని నిలబడింది. "సారూ, సోమవారం నౌకరిల చేరాలె. పోలీసు వెరిఫికేషన్ ఉంటదట. కేసంటే ఇగ అయిపాయె. జర చూడుండ్రి సారూ, నా బిడ్డ గట్లాంటిది కాదు."

"అందరి బిడ్డలు గట్లాంటోళ్ళు కాదమ్మా," అన్నాడు ఓబులేసు. "షాపోళ్ళు రాసిచ్చిన్రు, ఎఫ్ఐఆర్ అయింది. నోటీసిస్త, తీసుకపో. శనివారం పదింటికి ఎస్సై సార్ ముందటికి రావాలె."

"నేనే తెరిచిన సార్ బ్యాగు," అంది జ్యోత్స్న ముక్కు చీదుకుంటూ. "ఎవరు అడగలే. నేనే పోయి చూపించిన."

"గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అంటరు దాన్ని. అయినా ఈడ గట్ల లేదు, చూడు." ఆయన కాగితం దూరంగా పట్టుకుని చదివాడు. "‘సదరు యువతి కదలికల మీద అనుమానం వచ్చి, ఆపి, బ్యాగు తనిఖీ చేయగా, బిల్లు లేని వాచీ ఒకటి దొరికినది.’ గార్డు సంతకం సుత ఉన్నది."

ఇంకా ఏదో బతిమాలబోతున్న చంద్రమ్మ నోరు ఆగిపోయింది.

"మళ్ళొకసారి సదువుండ్రి సారూ," అంది.

ఆయన మళ్ళీ చదివాడు. చంద్రమ్మ టోపీ తీసి చేతిలో పట్టుకుంది. ఆ తర్వాత ఆమె ఎవరినీ బతిమాలలేదు. నోటీసు మీద కూతురి సంతకం అయ్యాక, జిప్పులు తెరిచే ఉన్న బ్యాగు తీసుకుని, లోపలికి చూడకుండానే ఒక్కొక్క జిప్పూ మూసి, తన భుజానికే తగిలించుకుంది.

శుక్రవారం పొద్దున పింకీ వచ్చింది. తేలు కుట్టిన దొంగ అన్న మాట జ్యోత్స్న చాలాసార్లు విన్నది, చూడటం అదే మొదలు. బ్యూటీ పార్లర్ ఏప్రన్‌తోనే వచ్చి, చెప్పులు విడవకుండా గడప అవతలే నిలబడింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఈ రెండు కుటుంబాలూ ఎనిమిదేళ్ళుగా ఒకే కాంపౌండులో కిరాయికి ఉంటున్నాయి. పింకీ ఆ గడప అవతల ఆగడం ఇదే మొదటిసారి.

జ్యోత్స్న చీపురు తీసుకుంది. పింకీ పారిపోలేదు, నెత్తి వంచింది. మూడు దెబ్బలు వీపు మీద పడ్డాక నాలుగోదానికి చెయ్యి రాలేదు.

"ఎందుకే? నీకు వాచీ కావాలంటే నాకు చెప్తే ఏమాయె?"

"నాక్కాదే," అంది పింకీ. "నీకు."

చీపురు కిందికి దిగింది.

"ఆఫీసుల అందరి చేతికి వాచీలుంటయి. నీ చేతికేమో ఎర్రదారం. బయటికొచ్చినంక బ్యాగుల చూసుకోమని చెప్దామనుకున్న. నువ్వు లొల్లి పెడ్తవు, తిడ్తవు, ఆఖరికి పెట్టుకుంటవు అనుకున్న." పింకీ చున్నీతో ముఖం తుడుచుకుంది. "మిషిన్ మొత్తుకోంగనే నా కాళ్ళు ఆగలేదే. మెట్రో మెట్ల దాంక ఉరికినంక, నువ్వు లోపల్నే ఉన్నవని యాదికొచ్చింది. ఎనకకు రానీకి భయమైంది."

ప్రేమతో చేసిన పనితో స్నేహితురాలికి ఇంత పెద్ద శిక్ష తెచ్చిపెట్టిన మనిషి ఇంకొకతె ఉండదు. కోపంతో పళ్ళు కొరుక్కుంటూనే జ్యోత్స్న ఆ ముఖం వైపు చూసింది. పదో తరగతి పరీక్షల ముందు ఈ పిల్లే కదా, తనకు జ్వరమొస్తే హాల్ టికెట్ తెచ్చి, గడియారం ముందు పెట్టి, గంటగంటకూ లేపి చదివించింది. పింకీ ఫెయిలైంది కానీ జ్యోత్స్నను పాస్ చేయించింది.

మొగిలి అంతసేపూ స్టవ్ దగ్గరే ఉన్నాడు. ఇంట్లో ఏ పరేషాన్ వచ్చినా ఆయనకు చాయ పెట్టడమొకటే తెలుసు. నాలుగు గ్లాసులు నింపి, ఒకటి గడప దాటించి పింకీ చేతిలో పెట్టాడు. "తాగు. తాగినంక ఏడువు," అన్నాడు.

"నేను స్టేషన్‌కొస్త ఆంటీ," అంది పింకీ చంద్రమ్మతో. "నేనే దీసిన అని చెప్త. జోస్నను ఇడిచిపెడతరు."

చంద్రమ్మ గ్లాసు కింద పెట్టింది. "రావాలె. రాకుంటే నేనే జుట్టు పట్టుకుని తీస్కపోత. కానీ నువ్వు చెప్పినంతల ఇది కేసుల నుంచి బయట పడదే పిల్లా. ఇద్దరు కలిసి చేసిన్రు అని నీ పేరు సుత రాసుకుంటరు. ఒకతి తీసింది, ఒకతి మోసింది అంటరు."

"మరి ఎట్లనమ్మా?" అంది జ్యోత్స్న.

 తల్లి, టీవీ మీద మేకుకు ఎప్పుడూ వేలాడే ప్రశంసాపత్రం వైపు చూసింది. నాలుగేళ్ళ క్రితం సెక్యూరిటీ ఏజెన్సీ ఇచ్చింది. అప్రమత్తతకు మెచ్చి ఇచ్చినట్టు బంగారు రంగు అక్షరాలు, కింద ముద్ర. చుట్టాలు వస్తే మొగిలి అది తీసి చేతికిచ్చి చదవమనేవాడు. చంద్రమ్మ లేచి, దాన్ని మేకు మీంచి తీసి, చీరల పెట్టెలో అడుగున బోర్లా పెట్టింది.

"తయారు గా," అంది కూతురితో. "మూడింటికి ఒక కాడికి పోవాలె."

గార్డులు అన్నం తినేది కస్టమర్లు పలచబడ్డాక, మూడింటికి, భవనం వెనక మెట్ల మీద. ఆ సంగతి గార్డులకే తెలుసు. షాపు వెనక సామాన్లు దించే తలుపు పక్కన, అట్టపెట్టెల గుట్ట నీడలో రేఖ టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. జ్యోత్స్నను చూసి లేవబోయింది. ముఖం పాలిపోయింది.

"కూసో బిడ్డా, తిను. లొల్లికి రాలే," అంది చంద్రమ్మ. తనూ కింది మెట్టు మీద కూర్చుంది. కూర్చున్నాక ఆమె చూసింది రేఖ ముఖం కాదు, కాళ్ళు. బూట్లు విప్పి పక్కన పెట్టి ఉన్నాయి. మడమలు బన్నుల్లా ఉబ్బాయి. "ఎన్నాళ్ళాయె చేరి?"

"రెండు నెల్లు అక్కా."

"బూటుల పాత దుప్పటి గుడ్డ మడిచి పెట్టుకో. మడమ కింద కాదు, కాలి ఏళ్ళ కింద. గంటకొకసారి ఒక కాలు మీదికి వాలాలె, ఎవలకు తెల్వకుంట. నాకు చెప్పేటోళ్ళు లేక నరాలు పోయినయి." యూనిఫాం ప్యాంటు అంచు పైకి లాగి తన పిక్క చూపించింది. నీలం తాళ్ళు ముడులు పడి ఉన్నాయి. రేఖ వాటిని చూసి, తన కాళ్ళను చూసుకుని, ముద్ద మింగడం మరిచిపోయింది.

"ఆ కాగితం నువ్వే రాసినవా?" చంద్రమ్మ మెల్లగా అడిగింది.

రేఖ తల దించింది. "సూపర్‌వైజర్ సార్ చెప్పిండు, నేను రాసిన. పుస్తకంల పాతవి చూపించి, గిట్లనే రాయాలె అన్నడు. ఆమెనే తెరిచింది సార్ అంటే, అట్ల రాస్తే నువ్వేం పని జేసినట్టు అన్నడు. నాకిది మొదటిది అక్కా. మెచ్చుకుంట కాగితం ఇస్తమన్నరు." జ్యోత్స్న వైపు చూడలేక డబ్బా మూతతో మాట్లాడినట్టు చెప్పింది.

"నాకు సుత ఇచ్చిన్రు," అంది చంద్రమ్మ.

 లారీ ఒకటి వెనక్కి వస్తూ పీపీమంది.

"అనుమానం వచ్చి, ఆపి, తనిఖీ చేయగా. గా మాట నాకు కంటతం వస్తది. పదకొండేండ్ల సంది రాస్తున్న," అంది చంద్రమ్మ. "మనది ఒకటే ఏజెన్సీ, ఒకటే పుస్తకం. రేపు నేను స్టేషన్ల నా ముచ్చట చెప్త. నిన్ను రమ్మని అడగను బిడ్డా. నీ నౌకరి నీది. నీకు చెప్పకుంట చెప్పుడు మంచిగుండదని వచ్చిన."

లేచి చీపురుపుల్లలా నిటారుగా నిలబడింది. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "ఏళ్ళ కింద, మడమ కింద కాదు," అని మళ్ళీ చెప్పింది.

తిరుగు దారిలో, ఆటో ఎక్కే ముందు జ్యోత్స్న ఆగిపోయింది. నిన్నటి నుంచీ గొంతులో ఉన్న ప్రశ్న అడిగేసింది. "అమ్మా, నువ్వు నన్ను ఒక్కసారి సుత అడగలే. తీసినవా, పింకీ తీసేది నీకు తెల్సా అని."

"బ్యాగు నువ్వే తెరిచినంటివి గదా," అంది చంద్రమ్మ. "ఇగ ఏమడుగుత?" అని ఆటో వైపు నడిచింది.

శనివారం పదింటికి స్టేషన్‌లో అందరూ ఉన్నారు. ఎస్సై జ్యోత్స్న కన్నా ఏడెనిమిదేళ్ళు పెద్దవాడేమో, నిద్రలేని కళ్ళతో ఫైలు తిప్పుతున్నాడు. మేనేజర్ నితీష్ ఫోను చూసుకుంటున్నాడు. అతని పక్కన ఏజెన్సీ ఫీల్డ్ ఆఫీసర్, ఆయన వెనక గోడకు ఆనుకుని రేఖ. ఇటు పక్క మొగిలి, ట్యాంకర్ బయట రోడ్డు మీద నీళ్ళు కారుస్తూ నిలబెట్టి వచ్చినందుకు కిటికీ వైపే చూస్తున్నాడు.

పింకీ అందరికన్నా ముందు మాట్లాడింది. ఏడవకుండా, పాఠం ఒప్పజెప్పినట్టు. "వాచీ నేను తీసిన సార్. దానికి తెల్వదు. దాని బ్యాగుల నేనే ఏసిన."

"ఎందుకు?"

"దానికి గిఫ్ట్ సార్."

ఎస్సై తలెత్తి, నవ్వాలో తిట్టాలో తెలియనట్టు ఓబులేసు వైపు చూశాడు. "కొని ఇస్తరు తల్లీ గిఫ్ట్. సరే. ఇప్పుడు ఇద్దరైన్రు. నువ్వు తీసినవు, ఆమె బయటికి తీస్కపోతుంటే గార్డు ఆపి పట్టుకుంది. ఆమెకు తెల్వదని నువ్వంటే సరిపోతదా? ఫ్రెండువి, అట్లనే అంటవు."

చంద్రమ్మ చెప్పినట్టే అయింది. పింకీ ముఖం చిన్నబోయింది. జ్యోత్స్న ఆమె చెయ్యి పట్టుకుంది. ఎందుకు పట్టుకుందో తనకే తెలియదు, ఇంకా కోపం పోలేదు.

"సారూ," అంది చంద్రమ్మ. ఈరోజు చీర కట్టుకుని వచ్చింది. చేతులు కట్టుకోలేదు. "గార్డు ఆపలేదు. నా బిడ్డనే తెరిచింది."

"కాగితంల ఆపినట్టుంది కదమ్మా."

"కాగితంల ఎప్పుడు గట్లనే ఉంటది సారూ. నేను సుత గార్డునే. మేము ఏది దొరికినా గా మాటనే రాస్తం. పుస్తకంల చూసి దించుతం." ఆమె ఎస్సై బల్లకు ఒకడుగు దగ్గరికి జరిగింది. "నాలుగేండ్ల కింద మా గేటు కాడ అంజమ్మ అని హౌస్‌కీపింగ్ ఆమె ఉండె. పొద్దుగాల డ్యూటీ దిగి పోతుంటే ఆమెనే సంచి తెరిచి నా ముందట పెట్టింది. చూస్తే అండ్ల కంపెనీ కాఫీపొడి డబ్బాలు రెండు. అంజమ్మ బిత్తరపోయింది. అక్కా, నాకు తెల్వదు, ఎవరో పెట్టిన్రు అన్నది. నేను నమ్మలే. ఆమెనే తెరిచింది అని రాయలే. అనుమానం వచ్చి, ఆపి, తనిఖీ చేయగా అని రాసిన. ఆమె నౌకరి పోయింది. నాకు ప్రశంసాపత్రం ఇచ్చిన్రు."

ఫీల్డ్ ఆఫీసర్ గొంతు సవరించుకున్నాడు. "చంద్రమ్మా, ఆ సంగతి ఇక్కడెందుకు?"

"ఈడనే సార్. ఇంకెక్కడ చెప్పాలె?" ఆమె మళ్ళీ ఎస్సై వైపు తిరిగింది. "దొంగ అయితే సంచి తనంతట తను తెరుస్తదా? అంజమ్మ కాడ నాకు గా ఆలోచన రాలే. నా బిడ్డ కాడికి వస్తే గాని రాలే. గది నా తప్పు. కొట్టినా పడ్త. కానీ ఈ కాగితంల మాట మాత్రం నిజం కాదు సారూ."

మొగిలి నోరు తెరుచుకుని భార్యను చూస్తున్నాడు. ఆ ప్రశంసాపత్రాన్ని ఆయన ఎంతమందికి చదివించాడో! జ్యోత్స్నకు తల్లిని పట్టుకుని ఏడవాలనిపించింది. అమ్మ ఇంత భయస్థురాలనీ, ఇంత ధైర్యవంతురాలనీ ఆ పిల్లకు ఒకేసారి తెలిసింది.

"అవును సార్," అంది గోడ దగ్గర నుంచి సన్నని గొంతు. రేఖ ముందుకొచ్చింది. నిన్న ఉబ్బి ఉన్న ఆ కాళ్ళు ఇవాళ కుంటడం లేదని జ్యోత్స్న గమనించింది. "నేను ఆపలే. ఆమెనే వచ్చి టేబుల్ మీద పెట్టి జిప్పులు తీసింది. నేను అడగనే లేదు."

ఎస్సై నితీష్ వైపు తిరిగాడు. "మీరిచ్చిన వీడియో గార్డు చెయ్యి బ్యాగులో ఉన్న కాడి నుంచి ఉంది. దానికి ముందుది లేదా?"

"ఉంది సార్," అన్నాడు నితీష్. "మీరు అడగలేదు కదా."

గంటలో షాపు నుంచి అది ఫోనుకు వచ్చింది. బల్ల చుట్టూ అందరూ వంగారు. చిన్న తెర మీద, పైనుంచి, జ్యోత్స్న తన నడినెత్తి పాపిడి చూసుకుంది. జంట వెళ్ళిపోవడం, తను ఆగడం, టేబుల్ వైపు నడవడం, మూడు జిప్పులు. రేఖ అప్పటికింకా అటు తిరగనే లేదు. రెండో ముక్కలో వాచీల అర దగ్గర, జ్యోత్స్న కుర్తా రంగును వెలుతురులో పట్టి చూస్తుంటే, వెనక నుంచి పింకీ చెయ్యి బ్యాగులోకి వెళ్ళి రావడం. ఆ చెయ్యి వచ్చాక పింకీ నవ్వు. పుట్టినరోజు కేకు దాచిపెట్టిన వాళ్ళు నవ్వే నవ్వు.

ఎస్సై ఆ ముక్క రెండుసార్లు చూశాడు. "పేరు కొట్టేయడం నా చేతిల ఉండదు," అన్నాడు చివరికి జ్యోత్స్నతో. "ఈమె మీద సాక్ష్యం లేదని కోర్టుకు రాస్త. ఒక నెల పట్టొచ్చు. నీకు మాత్రం కేసు ఉంటదమ్మా," అన్నాడు పింకీతో. "షాపోళ్ళు రాజీకి ఒప్పుకుంటే లోక్ అదాలత్‌ల మాట్లాడుకోండి. మళ్ళొకసారి ఇట్ల గిఫ్టులు ఇయ్యకు."

"ఇయ్య సార్," అంది పింకీ. అంటూనే ఆమెకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఈసారి జ్యోత్స్న తన చున్నీ ఇచ్చింది.

బయటికొచ్చేటప్పుడు ఓబులేసు వెంట వచ్చి మెల్లగా చెప్పాడు. "సోమవారం ఆఫీసుల ఫారం ఇస్తరు. కేసు ఉన్నదా అని అడుగుతరు. లేదని రాసుకో బిడ్డా. వాళ్ళ వెరిఫికేషన్ మాకాడికి వచ్చేటాల్లకు నీ పేరు పోతది." మంచికే చెప్పాడు.

ఫీల్డ్ ఆఫీసర్ మోటారుసైకిల్ దగ్గర చంద్రమ్మ కోసం ఆగి ఉన్నాడు. ఆయన అరవలేదు. "ఎల్లుండి నుంచి బేస్‌మెంట్ గేటు," అన్నాడు. "లాబీకి వేరే మనిషిని పంపుతం."

చంద్రమ్మ తలూపింది. లాబీలో ఏసీ ఉంటుంది. బేస్‌మెంట్‌లో పొగ ఉంటుంది, బండ్ల హారన్లు ఉంటాయి, ఆడవాళ్ళు కూర్చునే చోటు ఉండదు. ఆటోలో చాలా దూరం వచ్చాక ఆమె అన్నది వాటి గురించి కాదు.

"మేడమ్ అని పిలుద్దామనుకున్న," అంది.

జ్యోత్స్న ఆమె భుజం మీద తల పెట్టుకుంది. కొంచెం ఆగి, "అంజమ్మ ఇప్పుడు యాడ ఉన్నదమ్మా?" అని అడిగింది.

"తెల్వదు బిడ్డా. నిన్నటి సంది ఫోన్ చేస్తున్న. గా నంబరు లేదంటున్నది." ఆ మాట అని చంద్రమ్మ రోడ్డు వైపు తిరిగింది. మిగతా దారంతా అటే చూసింది.

సోమవారం చంద్రమ్మ చీకటి విడవకముందే వెళ్ళిపోయింది. జ్యోత్స్న తొమ్మిదింటికి కొత్త కుర్తాతో, చేతికి ఎర్రదారంతో లాబీ గేటు దగ్గర నిలబడింది. టేబుల్ వెనక ఎవరో కొత్త గార్డు. బ్యాగు తెరిచింది. ఆమె పైపైన చూసి చెయ్యి ఊపింది.

ఆరో అంతస్తులో అశ్విని అనే హెచ్ఆర్ ఆమె, విజయవాడ వైపు మాట, ఒక ఫారం ఇచ్చింది. నాలుగో పేజీలో ఆ ప్రశ్న ఉంది: మీ మీద ఏదైనా క్రిమినల్ కేసు పెండింగ్‌లో ఉందా? పక్కన రెండు గడులు. జ్యోత్స్న కలం పట్టుకుని చాలాసేపు ఆగింది. ఓబులేసు మెత్తటి గొంతు వినపడింది. లేదని గీసేస్తే అయిపోతుంది, ఎవరూ చూడరు. ఈ ఉద్యోగం పోతే నాన్న ట్యాంకర్, అమ్మ పిక్కల్లో ముడులు, అన్నీ ఉన్నచోటే ఉంటాయి.  ఉంది అన్న గడిలో గీత గీసి, కింద ఉన్న కాస్త జాగాలో జరిగింది నాలుగు వాక్యాల్లో రాసింది.

అశ్విని చదివింది. మళ్ళీ చదివింది. "ఇది మీరు రాయకపోతే మాకు ఇప్పట్లో తెలిసేది కాదండి," అంది.

"తెలుసు మేడం."

అశ్విని లోపలికి వెళ్ళి ఎవరితోనో మాట్లాడి వచ్చేసరికి అరగంట పట్టింది. అరగంటలో జ్యోత్స్న చేతి దారం ముడి ఊడిపోయేదాకా తిప్పింది.

"కోర్టు కాగితం వచ్చేదాకా ఐడీ కార్డు ఇవ్వలేమండి. రెండు నెలలు చూస్తాం, రాకపోతే మాత్రం కష్టం. అప్పటిదాకా ట్రైనింగ్‌కి విజిటర్ పాస్ మీద రండి." అశ్విని కొంచెం మొహమాటపడింది. "విజిటర్ అంటే రోజూ గేటు దగ్గర బ్యాగు తెరిచి చూపించాలి. ఇబ్బందేమో."

జ్యోత్స్నకు నాలుగు రోజుల తర్వాత మొదటిసారి నవ్వొచ్చింది. "అది నాకు అలవాటేనండి," అంది.

లంచ్‌కు వదిలాక ఆమె క్యాంటీన్‌కు వెళ్ళలేదు. లిఫ్టులో బేస్‌మెంట్‌కు దిగింది. బండ్ల బారు, పొగ, ఎక్కడో నీళ్ళు కారుతున్న చప్పుడు. వాలుదారి మొదట్లో చంద్రమ్మ అద్దం కట్టిన కర్రతో కారు కింద చూస్తోంది. టోపీ నుదుటి మీదికి జారింది. కూతుర్ని చూసి కారును పంపేసింది.

"ఏందే? ఏమన్నరు? చేర్చుకున్నరా?"

"చేర్చుకున్నరు. విజిటర్ పాస్ మీద." జ్యోత్స్న మెళ్ళో ఉన్న బిళ్ళ చూపించింది. "కేసు ఉన్నదని రాసిన అమ్మా."

చంద్రమ్మ ఆ బిళ్ళను పట్టుకుని, వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకు తిప్పింది.  జ్యోత్స్న భుజానున్న బ్యాగు దించి, అద్దం కర్ర ఆనించిన సిమెంటు దిమ్మె మీద పెట్టి, మూడు జిప్పులూ తీసి, మూతి వెడల్పు చేసి తల్లి వైపు తిప్పింది.

"నా గేటు కాదే ఇది. ఈడ బండ్లు చూసుడే నా పని."

"చూడమ్మా."

చంద్రమ్మ అటూ ఇటూ చూసింది. జేబులోంచి కలం తీసింది. నోటుపుస్తకం పైకెత్తింది, గొడుగు పక్కకు జరిపింది, అరచేతి వెనకతో అడుగు తడిమింది, పక్క అరలు రెండూ వేలితో నొక్కింది. అంజమ్మ సంచి ఇంత నెమ్మదిగా చూడలేదేమో. చివరికి టిఫిన్ డబ్బా మీద చెయ్యి పెట్టి ఆగింది. పైకెత్తి బరువు చూసింది.

"ఇంత పొద్దెక్కింది, ఇంకా తినలే?"

"నీకాడ తిందామని తెచ్చిన."

చంద్రమ్మ డబ్బా మళ్ళీ లోపల పెట్టింది. మూడు జిప్పులూ తనే మూసింది. వెనక ఒక బండి హారన్ కొట్టినా తిరగలేదు. టోపీ సర్దుకుని, మడమలు కలిపి నిలబడి, బ్యాగు రెండు చేతులతో కూతురికి అందించింది.

"అయింది మేడమ్," అంది.  "ఎల్లుండ్రి."